బావి దగ్గర ముసలావిడ ఏమంది

మార్చి 3, మంగళవారం

అభిప్రాయాలు చదవకూడదని నిద్ర లేస్తూనే అనుకున్నాను. పళ్ళు తోముకోకముందే చదివేశాను.

నిన్నటిదాకా మా వీడియో ఆట అమ్మే పేజీ మీద "మిశ్రమ స్పందన" అని ఉండేది. ఇవాళ "ఎక్కువమందికి నచ్చలేదు" అని మారింది, అదీ ఎర్ర అక్షరాల్లో. నేనూ తమ్ముడూ మూడేళ్ళు ఈ ఒక్క గదిలో కూర్చుని చేసిన "ఉప్పు రాజ్యం" గతి ఇది.

మిరపకాయ అని పేరు పెట్టుకున్న ఒకడు రాసింది ఇక్కడ ఎక్కిస్తున్నాను, రేపు నేను మర్చిపోయి మెత్తబడకుండా.

"పాత జపాన్ ఆటల్లా ఉంటుందంటే కొన్నాను. చుక్కల బొమ్మలు బాగున్నాయి. సంగీతం బాగుంది. మనం ఒక దెబ్బ, రాక్షసుడు ఒక దెబ్బ, ఆ వంతుల యుద్ధాలూ బాగున్నాయి. కానీ ఉప్పు మైదానం చేరాక ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. కనిపించని తలుపు ఎక్కడో ఉందట, నేలంతా తడుముకోవాలట. పక్క ఊళ్ళో ముప్పైమంది ఉన్నారు, ఎవరిని పలకరించినా 'ఎండ బాగా ఉంది' అంటారు. ఊరంతా వాతావరణ శాఖ ఉద్యోగులా?"

దీనికి మెచ్చుకుంటూ వందలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీళ్ళ వరస. వెతకడమే ఆట. వెతకడం చేతకాకపోతే కొనడం ఎందుకు?

మార్చి 4, బుధవారం

మిరపకాయకు జవాబు రాశాను. మర్యాదగానే రాశాను.

మార్చి 5, గురువారం

తమ్ముడు వచ్చీ రాగానే బ్యాగు కూడా దించకుండా, "అక్కా, అది తీసెయ్" అన్నాడు.

"ఏది?"

"నిన్న రాసింది. 'మీకు అమ్మ నోట్లో ముద్ద పెడితేగానీ ఆకలి తీరదేమో' అని ఆట తయారుచేసినవాళ్ళు రాస్తారా ఎక్కడైనా? వాడు దాన్ని ఫొటో తీసి ఊరంతా పంచాడు."

"వాడన్న మాటలు నీకు కనబడలేదా?"

"వాడు డబ్బులిచ్చి కొన్నాడు కాబట్టి అంటాడు. నువ్వెందుకు అంటావ్?"

వీడెప్పుడూ ఇంతే. నోట్లో నాలుక లేదు, ఉన్న కాస్తా నా మీదికే లేస్తుంది. తీయనన్నాను. మధ్యాహ్నం వాడే తీసేశాడు. పేజీ తాళంచెవులన్నీ వాడి దగ్గరే ఉంటాయి మరి, ప్రోగ్రామరు కదా.

మార్చి 6, శుక్రవారం

ఇవాళ అసలు సంగతి బయటపడింది. తమ్ముణ్ణి ఒక పెద్ద కంపెనీ పిలిచిందట. నెలాఖరులోగా వస్తాడో రాడో చెప్పాలట. ఎన్నాళ్ళ నుంచి కడుపులో దాచుకున్నాడో! కింద కుట్టుమిషన్ల దుకాణంలో బాగుచేసిన మిషనును పరీక్షిస్తున్నారు, మా నేల వణుకుతోంది, ఆ చప్పుడులో కలిపేసి చెప్పాడు. వినబడకపోతే బాగుండునని వాడి ఆశ.

"వెళ్తావా?"

"నీ మీద ఉంది."

వాడి షరతు ఒకటే. మైదానానికి ముందు ఊళ్ళో బావి దగ్గర కూర్చునే ముసలావిడకు మాటలు తిరిగి పెట్టాలి. రెండేళ్ళ కిందట ఆవిడకు వాడే ఏవో మాటలు రాశాడు. వాడికి దారి తెలియదు, అందుకని దారి వచ్చేచోట ఖాళీ వదిలి, "అక్కా, ఇక్కడ నువ్వు నింపు" అని పెట్టాడు. నింపలేదు, మొత్తం తీసేశాను. ఆవిడ కూడా ఎండ బాగా ఉందనే అంటుంది.

మైదానం నాది. ఆ ఆటలో మిగతావన్నీ ఇద్దరివీ, మైదానం మాత్రం నాది. తలుపు ఎక్కడ పెట్టానో వాడికి కూడా చెప్పలేదు. పెట్టిందీ నేనే, పరీక్షించిందీ నేనే.

వాడికి మళ్ళీ గుర్తుచేశాను. చిన్నప్పుడు మన దగ్గర టీవీకి పెట్టి ఆడే పసుపు కార్ట్రిడ్జ్ ఒకటుండేది, గుర్తుందా? ఎవరో వాడి వదిలేసిన జపాన్ ఆట. అందులో ఒక్క అక్షరం మనకు రాదు. గుహలో దారి మూసుకుపోతే వేసవి సెలవులంతా ఒక్కో రాయీ తట్టుకుంటూ పోయాం. చివరికి జలపాతం వెనక ఒక రాయి జరిగింది. మన కేకలకు ఎవరికేమైందో అని అమ్మ చేతి పిండితో పరుగెత్తుకొచ్చింది. మనకెవరు చెప్పారు దారి? ఎవరూ చెప్పలేదు. అందుకే అది గొప్ప ఆట. ఆ ఆనందమే వీళ్ళకూ ఇద్దామనుకున్నాను, అది తప్పా?

వాడు వింటూ కీబోర్డు సందుల్లో దుమ్ము ఊదుకుంటున్నాడు. "ఈ కథ నీ ఇంటర్వ్యూలో చదివాను" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదాను.

మార్చి 9, సోమవారం

ఎవరో "ఎండ బాగా ఉంది" అని చొక్కా మీద అచ్చు వేయించుకుని, వేసుకుని, ఫొటో పెట్టారు. కింద వరసగా అందరూ అదే మాట. వాన పడుతున్న వీధి ఫొటో పెట్టి కూడా అదే మాట.

చొక్కా రంగు మాత్రం బాగుంది.

మార్చి 10, మంగళవారం

ఇవాళ ఒక మంచి అభిప్రాయం వచ్చింది. "నాకు నచ్చింది. ఎందుకో తెలియదు." అంతే. ఉన్నారు, అర్థం చేసుకునేవాళ్ళు లేకపోలేదు. తమ్ముడికి చదివి వినిపించాను. అది రాసినతను ఎంతసేపు ఆడాడో చూడమన్నాడు వాడు. పదకొండు నిమిషాలు. ఉప్పు మైదానం దాకా రావాలంటే రెండు రోజులు పడుతుంది.

ఏ పని లేకపోతే ఇలాంటివి వెతుకుతాడు.

మార్చి 13, శుక్రవారం

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పాత బుర్ర అనే పేరుతో ఎవరో పెద్దాయనో పెద్దావిడో రాశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జపాన్‌లో ఉద్యోగం చేశారట, ఆ భాష వచ్చట, పాత ఆటలు వచ్చిన రోజుల్లోనే ఆడారట. నా ఇంటర్వ్యూ చదివి, నేను చెప్పిన జలపాతాన్ని బట్టి అది ఏ ఆటో పోల్చుకున్నారట.

"ఈ ఆట చేసినవారు ఒక పొరపాటులో ఉన్నట్టున్నారు. ఆ ఆటలో రాళ్ళన్నీ తట్టాల్సిన అవసరమే లేదు. ఊరి బావి దగ్గర ఒక ముసలావిడ ఉంటుంది. పలకరించగానే దారి చెబుతుంది. ఆ ఆటలు పిసినారివి కావు, ఎవరో ఒకరు తప్పకుండా చెప్పేవాళ్ళు. పాపం, చదవడం రాక ఆవిడ మాట దాటేసి ఉంటారు. బటన్ నొక్కితే మాట పోతుంది కదా."

పాపమట! వాళ్ళ పాపం ఎవరికి కావాలి? నోటికొచ్చింది రాస్తే నమ్మడానికి జనం ఉన్నారు. ఆ ముసలావిడ నాకు బాగా గుర్తు. ఏదో ఎండ గురించి చెప్పే రకం. చూస్తేనే తెలుస్తుంది.

మార్చి 14, శనివారం

అమ్మను చూసి చాలా రోజులైందని వెళ్ళాను.

"నన్ను చూడ్డానికి వచ్చినదానివి అటక ఎందుకెక్కావే?" అంది అమ్మ కింద నుంచి.

దొరికింది. కార్ట్రిడ్జూ, దాన్ని గుచ్చి ఆడే పెట్టే, పాత టీవీ వైరూ అన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. అమ్మ ఏదీ పారెయ్యదు. నేను తుడుస్తుంటే పక్కన కూర్చుని, "మీరిద్దరూ మళ్ళీ పోట్లాడుకున్నారా?" అంది.

"వాడేమైనా చెప్పాడా?"

"వాడెప్పుడు చెప్పాడు గనక! నీ గొంతు వింటే తెలీదా? నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. వాడేమో నాలుగో కాలు చూసి కూడా నోరు మూసుకునే రకం. ఆ గదిలో మూడేళ్ళు ఎలా ఉన్నారో నాకే ఆశ్చర్యంగా ఉంది."

భోజనం కూడా చేయకుండా వచ్చేశాను. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 15, ఆదివారం

కార్ట్రిడ్జ్ ఊది ఊది పెడితే నాలుగోసారికి వెలిగింది. ఊరు వచ్చింది. బావి వచ్చింది. ముసలావిడ వచ్చింది.

బటన్ నొక్కగానే తెర కింది డబ్బాలో జపాన్ అక్షరాలు వరసగా పడ్డాయి. ఫోన్ కెమెరా ఎదురుగా పెట్టాను. ఫోన్ తనకొచ్చిన తెలుగులో చెప్పింది: "జలపాతము. వెనుక. కుడి చేయి వైపు. విరిగిన రాయిని తోయుము కుమారా."

మొదటిసారి పలకరించినప్పుడే చెప్పింది. మూడుసార్లు కూడా అడిగించుకోలేదు, బతిమాలించుకోలేదు.

ఆటలో ఆ ఊరి నుంచి జలపాతానికి అయిదు నిమిషాల నడక. నేరుగా వెళ్ళి కుడివైపు చూస్తే రాయి నిజంగానే పగిలి ఉంది, బొమ్మలో గీత కూడా వేశారు. తోశాను. జరిగింది.

ఏమీ అనిపించలేదు. అబద్ధం. టీవీని తన్నాలనిపించింది. మా వేసవంతా ఆ ముసలిది బావి గట్టు మీద కూర్చుని చెబుతూనే ఉంది. నేనే నొక్కుకుంటూ పోయాను. దాని మీద కోపం, పాత బుర్ర మీద కోపం, ఆ అక్షరాలు పుట్టించినవాళ్ళ మీద కోపం. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అందరి మీదా ఉంది.

రేపు వాడికి చెప్పాలి. చెబితే ఎగిరి గంతేస్తాడు.

మార్చి 16, సోమవారం

గంతెయ్యలేదు.

అంతా చెప్పాను. టీ తాగుతూ విని, "ఆఁ, కుడిచేతి వైపు, పగిలిన రాయి" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "నీకు తెలుసా?"

"కాలేజీలో ఉన్నప్పుడు ఆ అక్షరాలు నేర్చుకున్నా. ఆ ఆట కోసమే నేర్చుకున్నా."

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పను? ఎవరు కనబడితే వాళ్ళకి ఆ కథే చెప్పేదానివి. ఓపికే మాకు దారి చూపింది అని. నీ ముఖం వెలిగిపోయేది. నేను మధ్యలో దూరి, అక్కా అదంతా ఉత్తిదే అనాలా?"

"అందుకని నన్ను వెర్రిదాన్ని చేస్తావా? లోకమంతా నవ్వేదాకా చూస్తూ ఊరుకుంటావా?"

"ఊరుకోలేదు. ముసలావిడకి మాటలు రాశాను. నువ్వు తీసేశావ్. మళ్ళీ రాశాను. మళ్ళీ తీసేశావ్."

అప్పుడు అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు, కింద దుకాణంలో మిషను ఆగిపోయింది, అది గుర్తుంది. చివరికి, "ఏదేమైనా ఆ వేసవి అబద్ధం కాదు, మనమిద్దరం ఎంత సంతోషంగా ఆడామో నీకూ తెలుసు" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరక్కా ఆడింది?"

"అంటే?"

"నువ్వు ఆడావ్. నేను వెనక కూర్చున్నాను. కంట్రోలర్ ఒక్కసారైనా నా చేతికి ఇచ్చావా? నువ్వు తట్టిన రాళ్ళకి క్యాలెండర్ వెనక గీతలు పెట్టడం నా పని. ఒక గీత తప్పితే మొట్టికాయ. బయట పిల్లలంతా ఆడుకుంటుంటే నేను రాళ్ళు లెక్కపెట్టాను. ఇన్ని వందలమంది అభిప్రాయాలు చదువుతున్నావు కదా, నీ ఆట మొట్టమొదట చూసినవాణ్ణి నేను. నన్నెప్పుడైనా అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నా. చెప్పు."

"విసుగు. అంతే. చచ్చేంత విసుగు."

వాడి గొంతు పెరగలేదు. అదే నాకు ఎక్కువ మండింది. ఏడెనిమిదేళ్ళ పిల్లాడికి ఏం తెలుస్తుంది, పెద్దయ్యాక అల్లుకున్న మాటలు అవన్నీ అన్నాను. వెనక కూర్చుని చూడ్డంలో కూడా ఆనందం ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళకి అన్నాను.

"అయితే కూర్చో" అన్నాడు. "శనివారం మైదానం నేను ఆడతాను. తలుపు ఎక్కడుందో నాకు నిజంగానే తెలీదు. నువ్వు వెనక కూర్చో. చెప్పకూడదు, చూపించకూడదు, ముట్టుకోకూడదు. కింద దుకాణం షట్టర్ దించేదాకా. కూర్చుంటే ముసలావిడ ఎప్పటికీ ఎండ గురించే మాట్లాడుతుంది, నేనూ ఎక్కడికీ పోను. సరేనా?"

"కూర్చోలేకపోతే?"

"వెళ్ళిపోతాను. ఆవిడ మాటలు రాసి పంపిస్తా. పెట్టుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం."

సరేనన్నాను. ఒక్క పూట కూర్చోవడం కూడా ఒక పందెమా!

మార్చి 18, బుధవారం

మిరపకాయ మళ్ళీ ఏదో రాశాడు. జవాబు రాయలేదు. శనివారం గెలిచాక అన్నిటికీ కలిపి రాస్తాను.

మార్చి 21, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాడు. నేను వాడి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చేతులు కట్టుకున్నాను. మొదట్లో బాగానే ఉంది. ఉప్పు అమ్మే పిల్ల, మా కథానాయిక, తెల్లటి నేల మీద టుకుటుకుమని నడుస్తుంటే ముద్దుగా కూడా ఉంది.

వాడు పడమర అంచు నుంచి మొదలుపెట్టి నేల మీద ఒక్కో పలకా తడుముతూ వచ్చాడు. నాలుగడుగులకో రాక్షసుడు. యుద్ధం. మళ్ళీ నడక. మళ్ళీ అదే పాట. ఆ పాట చిన్నదని నాకు ఇవాళే తెలిసింది, అయిపోయిన వెంటనే మళ్ళీ మొదలవుతుంది. నేను పరీక్షించినప్పుడు ఒకసారి మోగేలోపే తలుపు దగ్గర ఉండేదాన్ని. నాకు తెలుసు కదా ఎక్కడుందో.

మూడు తెల్లరాళ్ళ దగ్గర ఎడమకు తిరిగితే చాలు. వాడు ఆ రాళ్ళ ముందు నుంచి వెళ్ళాడు. ఆగాడు. కుడికి తిరిగాడు.

నాలుక కొరుక్కున్నాను. కావాలనే చేస్తున్నాడనుకున్నాను. ముఖం చూద్దామంటే నాకు కనబడేది వాడి మెడ మాత్రమే. వెనక కూర్చుంటే అంతే కనబడుతుంది. ఎడమ చెవి వెనక చిన్నప్పటి మచ్చ ఇంకా ఉంది, ఎప్పుడూ చూడలేదు.

కుడివైపు మొత్తం తడిమాడు. ఒక రాక్షసుడి చేతిలో చచ్చిపోయాడు. ఆట మళ్ళీ మైదానం మొదట్లో దింపింది. వాడు మళ్ళీ పడమర అంచుకు వెళ్ళాడు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, కుర్చీని ముందుకు జరిపాను, వెనక్కు జరిపాను. వీడికెందుకింత మెదడు మందం అనుకున్నాను. ఇంకెవరైనా అయితే ఈపాటికి పట్టేసేవాళ్ళు అనుకున్నాను. కోపంతో చెవులు వేడెక్కాయి. వాడు మళ్ళీ మూడు రాళ్ళ దగ్గరికి వచ్చాడు. ఆగాడు. మళ్ళీ కుడివైపుకు అడుగు వేశాడు.

ఎప్పుడు లేచానో తెలియదు. కంట్రోలర్ నా చేతిలో ఉంది. ఎడమకు తిప్పాను, రెండు పలకలు దాటాను, మూడోదాని మీద బటన్ నొక్కాను, ఉప్పు పగిలి తలుపు తెరుచుకుంది. "ఇదిగో! ఎంత సులువో చూడు!" అన్నాను కూడా. గట్టిగా అన్నాను. గెలిచినదానిలా అన్నాను.

కింద మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. షట్టర్ ఇంకా దించలేదు. ఎండ కూడా కిటికీ దాటలేదు.

వెనక్కు తిరిగితే వాడు స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కోపంగా లేడు. కొంచెం నవ్వుతున్నాడు, అనుకున్నదే అయిందన్నట్టు. ఆ నవ్వు భరించలేకపోయాను.

"ఇంకోసారి ఆడరా. ఈసారి ఏమీ అనను."

"వద్దక్కా. నువ్వు ఆడుకో."

వెటకారం కాదు. చిన్నప్పుడు కూడా సరిగ్గా అలాగే అనేవాడు, పక్కకు జరిగి. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. నిజానికి ప్రేమే కావచ్చు. కానీ ఆ పిల్లాడు ఒక వేసవంతా కూర్చున్నాడు, నేను ఒక్క పూట కూర్చోలేకపోయాను.

వాడు మెట్లు దిగుతుంటే ఏదో ఒకటి అనాలి, ఉండిపొమ్మనాలి. నోరు తెరిచాను.

"ఆ మూడు రాళ్ళ దగ్గర ఎడమకి తిరగాల్సిందిరా" అన్నాను.

"సరే అక్కా" అని కింద నుంచి అన్నాడు.

మార్చి 22, ఆదివారం

ముసలావిడ మాటలు పంపించాడు. తెరవలేదు.

మార్చి 24, మంగళవారం

తెరిచాను.

"మూడు తెల్లరాళ్ళు కనబడితే ఎడమకు తిరుగమ్మా. ఎండ బాగా ఉంది, నీళ్ళు తాగి వెళ్ళు. కనబడకపోతే మళ్ళీ వచ్చి అడుగు. ఎన్నిసార్లయినా చెబుతాను, విసుక్కోను."

ఎన్నిసార్లు అడిగినా చెప్పేలా ప్రోగ్రాము కూడా వాడే రాసి జత చేశాడు. నేను చేయాల్సిందల్లా ఒక బటన్ నొక్కడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచిగా ఎందుకు రాయాలి? నాలుగు పొడి ముక్కలు రాసి పారేస్తే నేనూ సుఖంగా తిట్టుకునేదాన్ని కదా.

ఏడ్చాను. ఇది కూడా కోపం కిందే రాసుకుంటాను.

మార్చి 31, మంగళవారం

వాడు నిన్నటి నుంచి ఆ కంపెనీకి వెళ్తున్నాడని అమ్మ చెప్పింది. గది పొడుగ్గా కనిపిస్తోంది. వాడి బల్ల మీద నా సామాను పెట్టబోయి, ఆగి, తీసేశాను.

అప్‌డేట్ శుక్రవారమే పంపాను. పేజీ మీద ఎర్ర అక్షరాలు పోయాయి. బావి దగ్గర ముసలావిడను అందరూ మెచ్చుకుంటున్నారు. ఎవరో ఆవిడ దగ్గరికి ఊరికే వెళ్ళి, దారి తెలిసినా మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారట, విసుక్కోను అంటుంటే వినడానికి. "ఆటంతటికీ ఈ ఒక్క మాట చాలు, రాసినవాళ్ళెవరో" అని మిరపకాయే రాశాడు. చచ్చినోడు, ఇన్నాళ్ళకు ఒక మంచి మాట రాశాడు, అదీ నా గురించి కాదు.

తమ్ముడు రాసినదాంట్లో నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఈ సంగతి వాడికి చెప్పాలి. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. చేస్తే నేనే మాట్లాడతాను. అప్‌డేట్ గురించి, మిరపకాయ గురించి, వాడు కొత్తచోట ఎలా మసలుకోవాలో దాని గురించి, వాడు ఊఁ కొడుతూ ఉంటాడు. నాకు నేను తెలుసు.

అందుకని చేయలేదు. వాడే చేస్తాడు. చేసినప్పుడు ఎలా ఉందిరా అని అడిగి ఊరుకోవాలి. ఇప్పటికి రెండు గంటలుగా ఊరుకుని ఉన్నాను, చాలా కష్టంగా ఉంది.